నేల నుంచి చేతి దాకా: బేస్‌బాల్‌లో విసురు, ఊపు

1884లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కెమెరాలను వరుసగా నిలబెట్టి మనుషుల కదలికలను ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. పరుగెత్తే గుర్రం ఒక క్షణంలో నాలుగు కాళ్లూ నేల మీంచి ఎత్తేస్తుందని అంతకు ఆరేళ్ల కిందట కాలిఫోర్నియాలో రుజువు చేసినవాడు ఆయనే. ఇప్పుడు నడిచేవాళ్లు, మెట్లెక్కేవాళ్లు, బరువులు మోసేవాళ్లు, కుస్తీ పట్టేవాళ్లతో పాటు బేస్‌బాల్ ఆటగాళ్లూ ఆయన కెమెరాల ముందుకు వచ్చారు. దేహంలో ఏ భాగం ఎప్పుడు కదులుతున్నదో బట్టల చాటున దాగిపోకూడదని వాళ్లలో చాలామందిని వివస్త్రంగానే నిలబెట్టాడు. 1887లో ‘యానిమల్ లోకోమోషన్’ పేరుతో వెలువడిన 781 ఫలకాల్లో బంతి విసిరేవాడు, బ్యాట్ ఊపేవాడు, బంతి పట్టేవాడు విడివిడిగా కనిపిస్తారు.

విసిరేవాడి ఫలకాన్నీ, బ్యాట్ ఊపేవాడి ఫలకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మొదట కంటికి తగిలేది వాటి పోలిక. ఇద్దరూ ముందు కాలు చాచి నేలకు ఆనిస్తారు. ఇద్దరికీ ముందు తుంటి తిరుగుతుంది, తరవాత ఛాతీ తిరుగుతుంది, చెయ్యి అన్నిటికంటే ఆఖరున వస్తుంది. అయితే మైబ్రిడ్జ్ బొమ్మల్లో భంగిమ ఉంది, కాలం ఉంది, బలం లేదు. ఏ కీలు మీద ఎంత భారం పడుతున్నదో, ఆ ఊపుకు మూలం ఏ కండరమో ఫొటో చెప్పదు.

అదే 1884లో ఆటలో ఒక పెద్ద మార్పు వచ్చింది. అప్పటిదాకా నేషనల్ లీగ్‌లో పిచర్, అంటే బంతి విసిరేవాడు, చేతిని భుజం కంటే పైకెత్తి విసరడానికి వీల్లేదు. ఆ నిబంధనను ఆ ఏడాది తీసేశారు. 1893లో పిచర్‌ను వెనక్కి జరిపి బ్యాటర్‌కూ అతనికీ మధ్య 18.44 మీటర్ల దూరం పెట్టారు. ఆ దూరం ఇప్పటికీ అంతే. ఇవాళ మనకు తెలిసిన విసురు, దానికి జవాబుగా పుట్టిన ఊపు రెండూ ఈ రెండు నిర్ణయాల తరవాతి సంగతులు.

క్రికెట్ చూసి పెరిగిన పాఠకులకు ఇక్కడ ఒక వివరం అవసరం. క్రికెట్‌లో బౌలర్ మోచేతిని 15 డిగ్రీలకు మించి చాపితే దాన్ని బౌలింగ్ అనరు, విసరడమంటారు, నోబాల్ ఇస్తారు. పరుగెత్తుకుంటూ వచ్చి చేతిని భుజం చుట్టూ తిప్పి వేగం పుట్టించడం బౌలర్ పద్ధతి. బేస్‌బాల్ పిచర్‌కు పరుగు లేదు. చిన్న మట్టి దిబ్బ మీద నిలుచుని, తన ఎత్తులో దాదాపు 85 శాతం ఉండే ఒక్క అంగ వేస్తాడు. ఆ అంగలో పుట్టిన వేగమంతా వంగిన మోచేయి గుండా బంతికి చేరాలి. క్రికెట్ ఏ కదలికను నిషేధించిందో బేస్‌బాల్ ఆ కదలిక మీదే నిలబడింది.

విసురుకూ ఊపుకూ ఉన్న పోలిక అమెరికన్ మైదానాల్లో పాత వాదనే. బంతిని విసిరినట్టే బ్యాట్‌నూ విసరాలని కుర్రాళ్లకు నేర్పే కోచ్‌లున్నారు. రెండు చేతులతో కర్ర తిప్పడానికీ ఒంటి చేత్తో బంతి విసరడానికీ పొంతనే లేదని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. నేల నుంచి నడుము మీదుగా ఛాతీ దాకా రెంటిదీ ఒకే దారి, భుజం దగ్గర ఆ దారి చీలుతుంది. ఈ చీలికను కొలిచి చెప్పడానికి నూరేళ్లకు పైగా పట్టింది. అంత ఆలస్యానికి నాకు కనిపించే కారణం ఒకటే. విసురు మనిషిని గాయపరుస్తుంది కాబట్టి వైద్యులు దాని వెంట వెళ్లారు. ఊపు అంతగా గాయపరచదు కాబట్టి అది చాలాకాలం ఆటగాళ్ల అనుభవంలోనే, వాళ్ల మాటల్లోనే ఉండిపోయింది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి రెండు దశాబ్దాల్లో బ్యాటింగ్ అంటే ప్రధానంగా చేతి పని. డెట్రాయిట్ జట్టు ఆటగాడు టై కాబ్ రెండు చేతుల మధ్య జాగా వదిలి బ్యాట్ పట్టుకునేవాడు. బంతిని ఖాళీల్లోకి నెట్టడం, మొదటి బేస్ చేరడం, అక్కణ్నుంచి పరుగుతో మిగతా పని చెయ్యడం అప్పటి నేర్పు. ఈ పద్ధతిని తలకిందులు చేసినవాడు పిచర్‌గా ఎదిగిన మనిషి కావడం గమనించాలి. బేబ్ రూత్ బోస్టన్ రెడ్ సాక్స్‌లో ఎడమచేతి పిచర్. 1916లో 23 విజయాలు సాధించాడు. మెల్లగా పిచింగ్ తగ్గించి బ్యాటింగ్‌కు మళ్లి 1919లో 29 హోమ్ రన్లు కొట్టాడు. మరుసటి ఏడు న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లి 54 కొట్టాడు. ఆ ఏడు అమెరికన్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జార్జ్ సిస్లర్ కొట్టినవి 19.

రూత్ తెచ్చిన కొత్తదనం కాళ్లలోనూ నడుములోనూ ఉంది. పాదాలు దగ్గరగా పెట్టి నిలుచునేవాడు, పెద్ద అంగ వేసేవాడు, బ్యాట్‌ను అడుగంటా పట్టుకుని మొత్తం దేహంతో తిరిగేవాడు. తన ఊపుకు మాదిరి షూలెస్ జో జాక్సన్ అని ఆయనే చెప్పుకున్నాడు. ఆ మాటను కాదనక్కర్లేదు. కానీ నిలుచున్న చోటి నుంచి ఒక్క అంగతో దేహపు బరువంతా ముందుకు పంపి, ముందు కాలి మీద ఆపి, దాన్ని తిరుగుడుగా మార్చడం అయిదారేళ్లపాటు పిచర్‌గా ఆయన రోజూ చేసిన పని. ఆ దేహానికి ఆ దారి ముందే తెలుసు.

1921లో కొలంబియా విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర ప్రయోగశాలలో రూత్‌ను పరీక్షించారు. ఫలితాలు ఆ అక్టోబర్‌లో ‘పాపులర్ సైన్స్ మంత్లీ’లో వచ్చాయి. కంటిచూపు, చెవి, చేతి నిలకడ, ప్రతిస్పందన వేగం కొలిచి, సాధారణ మనిషి కంటే ఆయన చురుకని తేల్చారు. అప్పటి శాస్త్రం ఆయన బలం రహస్యాన్ని నరాల్లో వెతికింది, తుంటిలో వెతకలేదు. దొరికే పరికరాలు ఏవైతే ప్రశ్నలు కూడా అవే కావడం విజ్ఞాన చరిత్రలో తరచూ జరిగేదే.

దాదాపు అదే కాలంలో, బేస్‌బాల్ ఊసే లేని మాస్కోలో, ఈ ప్రశ్నకు పనికొచ్చే ఆలోచన ఒకటి రూపుదిద్దుకుంటున్నది. అలెక్సీ గాస్తెవ్ నడిపిన కేంద్ర శ్రమ సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే యువ వైద్యుడు కార్మికుల కీళ్లకు చిన్న బల్బులు కట్టి, సుత్తి దెబ్బలను ఫొటో పలక మీద వెలుగు గీతలుగా నమోదు చేశాడు. అనుభవజ్ఞుడైన కమ్మరి సుత్తి మొన ప్రతిసారీ ఇంచుమించు ఒకే చోట పడుతుంది, కానీ అతని భుజం, మోచేయి, మణికట్టు నడిచే దారులు మాత్రం ఏ రెండుసార్లూ ఒకేలా ఉండవు. మనిషి చేతికి ఇన్ని కీళ్లు, ఇన్ని దిక్కుల్లో కదిలే స్వేచ్ఛ ఉన్నప్పుడు మెదడు వాటిని ఎలా అదుపు చేస్తుందన్నది బెర్న్‌స్టైన్ జీవితమంతా అడిగిన ప్రశ్న. విసురుకూ ఊపుకూ ఉన్న తేడాను నేను ఈ ప్రశ్నలోంచే చూస్తాను. విసిరేవాడు ఆ స్వేచ్ఛను చివరి క్షణం దాకా వాడుకుంటాడు. ఊపేవాడు రెండు చేతులనూ ఒకే కర్రకు కట్టేసి దానిలో చాలా భాగాన్ని ముందే వదులుకుంటాడు.

అమెరికాలో 1930ల్లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన హెరాల్డ్ ఎడ్జర్టన్ మెరుపు దీపాలతో గోల్ఫ్ ఊపును, బ్యాట్ మీద అణిగిపోయే బేస్‌బాల్‌ను ఫొటోలు తీశాడు. బ్యాట్, బంతి తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు. తరవాతి కాలపు భౌతికశాస్త్రజ్ఞులు, ముఖ్యంగా ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆలన్ నేథన్, ఇందులోంచి ఒక విశేషాన్ని బయటికి తీశారు. తాకిడి జరిగే ఆ కొద్దిసేపట్లో చేతుల పట్టు ఎంత గట్టిదన్నది బంతి వేగాన్ని మార్చదు. తాకిడి కదలిక పిడి దాకా పోయి తిరిగి వచ్చేలోపే బంతి బ్యాట్‌ను వదిలి వెళ్లిపోతుంది. అంటే బ్యాటర్ పని బంతి తగలకముందే ముగుస్తుంది, పిచర్ పని బంతి వేళ్లు వదిలిన క్షణాన ముగిసినట్టే. ఇద్దరూ తమ దగ్గరున్న వేగమంతా ఒక నిర్ణీత క్షణంలోపు అప్పగించెయ్యాలి. రెంటికీ ఉన్న లోతైన పోలిక నా దృష్టిలో ఇదే.

యుద్ధానంతరం ఈ కదలికకు సిద్ధాంతం దొరికింది. యంత్రాల భాగాలు ఒకదానినొకటి కదిలించే తీరును జర్మన్ ఇంజనీర్ ఫ్రాంజ్ రూలో 1875లోనే గొలుసుగా వర్ణించాడు. ఆ ఆలోచనను 1955లో అయోవాలోని ఎముకల వైద్యుడు ఆర్థర్ స్టైండ్లర్ మనిషి దేహానికి అన్వయించాడు. కొస స్వేచ్ఛగా ఉంటే తెరిచిన గొలుసు, కొసకు అడ్డు ఉంటే మూసిన గొలుసు. బరువైన భాగం ముందు కదులుతుంది. అది నెమ్మదించే వేళకు దాని చలనం పక్కనున్న తేలికైన భాగానికి చేరి దాన్ని ఇంకా వేగంగా తిప్పుతుంది. కాలు, తుంటి, ఛాతీ, జబ్బ, ముంజేయి, అరచెయ్యి, ఇదీ వరుస. 1968లో బ్రిటన్‌లో ఆలస్టర్ కాక్రన్, జాన్ స్టబ్స్ గోల్ఫ్ మీద రాసిన గ్రంథం ఊపును ఒకదాని కొసకు మరొకటి వేలాడే రెండు లోలకాలుగా లెక్కగట్టింది. చేతులు నెమ్మదించేటప్పుడే కర్ర కొస వేగం అందుకుంటుందన్న గ్రహింపు బేస్‌బాల్‌కూ అక్కరకు వచ్చింది.

అయినా మైదానంలో పాఠం చెప్పింది ప్రయోగశాలలు కాదు. 1941లో .406 సగటు సాధించిన టెడ్ విలియమ్స్ 1970లో జాన్ అండర్‌వుడ్‌తో కలిసి ‘ద సైన్స్ ఆఫ్ హిట్టింగ్’ ప్రచురించాడు. ఆ పుస్తకం మూల వాదన తుంటి గురించి. తుంటి ముందు వెనక్కి చుట్టుకోవాలి, తరవాత అదే ముందుగా తెరుచుకోవాలి, చేతులు దాని వెంట రావాలి. బ్యాట్ నేలకు సమాంతరంగా సాగాలన్న ఆనాటి బోధను ఆయన ఒప్పుకోలేదు. పిచర్ దిబ్బ మీద నిలుచుని విసురుతాడు కాబట్టి బంతి కిందికి దిగుతూ వస్తుంది. బ్యాట్ కాస్త పైకి సాగితేనే దాని దారిలో ఎక్కువసేపు ఉంటుంది. ఇది కళ్లతో, చేతులతో తెలుసుకున్న జ్యామితి.

ఆయనకు ఎదురు నిలిచిన బోధకుడు చార్లీ లా. లా స్వయంగా గొప్ప బ్యాటర్ కాడు, మామూలు క్యాచర్. కాన్సస్ సిటీ రాయల్స్ కోచ్‌గా ఉండగా మంచి బ్యాటర్ల ఫిల్ములను పదేపదే చూసి, వాళ్ల బరువు వెనక కాలి నుంచి గట్టిగా నిలిచిన ముందు కాలి మీదికి మారుతున్నదని గ్రహించాడు. 1980లో ఆయన పుస్తకం వచ్చింది. ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ అదే ఏడు .390 కొట్టాడు. విలియమ్స్ వర్గం తిరుగుడంటే, లా వర్గం ముందడుగు అంది. తరచి చూస్తే లా బోధ విసురుకు దగ్గరగా ఉంది. విసిరేవాడిలాగే బ్యాటర్ కూడా ముందు ముందుకు సాగాలి, ఆ తరవాతే తిరగాలి. ఈ రెండు వర్గాల తగవు పిల్లల శిబిరాల దాకా పాకి ఇరవై ఏళ్లు నడిచింది.

జపాన్‌లో ఇదే చిక్కు మరో రూపంలో ఎదురైంది. సదహారు ఓ కూడా పిచర్‌గా మొదలైనవాడే. 1957లో వసేదా జిత్సుగ్యో పాఠశాల జట్టు కోషియెన్ వసంత టోర్నమెంట్ గెలిచినప్పుడు దాని పిచర్ ఆయన. 1959లో యోమియురి జెయింట్స్ ఆయన్ను తీసుకుని బ్యాటర్‌గా మార్చింది. ఆ మొదటి ఏడు సగటు .161. బంతి రాకముందే దేహం ముందుకు వెళ్లిపోవడం, చేతులు ఒక కుదుపుతో ఆలస్యంగా రావడం ఆయన లోపాలు. కోచ్ హిరోషి అరకావా ఆయన్ను అయికిడో గురువు మొరిహే ఉయెషిబా దగ్గరికి తీసుకెళ్లాడు, పైకప్పు నుంచి వేలాడే కాగితాన్ని కత్తితో కోసే సాధన చేయించాడు. 1962 జూలై 1న ఓ ముందు కాలిని మోకాలు వంచి పైకెత్తి, ఒంటికాలి మీద నిలిచి బ్యాటింగ్ చేశాడు. ఆ రోజే హోమ్ రన్ కొట్టాడు. ఆ ఏడు 38తో లీగ్‌లో మొదటివాడయ్యాడు. 1980లో ఆట విరమించేనాటికి ఆయన లెక్క 868.

ఆ ఎత్తిన కాలు చూడ్డానికి పిచర్ ఎత్తే కాలులాగే ఉంటుంది. పని మాత్రం వేరు. పిచర్ కాలెత్తేది ముందుకు పడిపోవడం మొదలుపెట్టడానికి. సదహారు ఓ కాలెత్తింది ముందుకు పడిపోకుండా ఆగడానికి. పిచర్ ఆట తన చేతిలో ఉంటుంది, తాను సిద్ధమైనప్పుడే కదులుతాడు. బ్యాటర్ కాలం ఎదుటివాడిది. గంటకు 150 కిలోమీటర్ల బంతి అతన్ని చేరడానికి పట్టేది సుమారు 0.4 సెకన్లు. ఊపుకే 0.15 సెకన్లు పోతాయి. మిగిలిన పావు సెకనులో బంతి ఎక్కడికి వస్తుందో, కొట్టాలో వద్దో తేలాలి. పిచర్ ముందు పాదం నేలను తాకిన క్షణం నుంచి బంతి వేళ్లు వదిలే దాకా పట్టే కాలమూ దాదాపు అంతే, 0.145 సెకన్లు. కదలిక వ్యవధి ఒకటే. కానీ ఒకరు సంకల్పించి మొదలుపెడతారు, మరొకరు జవాబుగా మొదలుపెట్టాలి. అందుకే బ్యాటర్ అంగ పొట్టిది. మధ్యలో మనసు మార్చుకోవడానికి వీలుండాలి. సదహారు ఓ గొప్పతనం ఎత్తిన కాలిలో కంటే, ఆ కాలిని గాలిలో నిలిపి ఉంచి ఎదురుచూడగలిగిన నిలకడలో ఉందని నేను నమ్ముతాను.

ఇక విసురు కథ ఆసుపత్రిలోకి మళ్లుతుంది. 1974 జూలై 17న లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ ఎడమచేతి పిచర్ టామీ జాన్ మోచేతి లోపలి వైపు లిగమెంట్ ఆట మధ్యలో తెగిపోయింది. అప్పటిదాకా ఆ గాయం తగిలిన పిచర్ ఇంటికి పోవాల్సిందే. సెప్టెంబర్ 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని కుడి ముంజేతిలోంచి ఒక టెండన్ తీసి, ఎడమ మోచేతి ఎముకల్లో తొలిచిన రంధ్రాల గుండా అల్లి కొత్త లిగమెంట్ కట్టాడు. 1976లో జాన్ మళ్లీ మైదానంలోకి వచ్చాడు, 1989 దాకా ఆడాడు. అతని 288 విజయాల్లో 164 శస్త్రచికిత్స తరవాతివే. అప్పటి నుంచి ఆ చికిత్సకు అతని పేరే స్థిరపడింది.

మరమ్మతు సాధ్యమని తేలాక కారణం తెలుసుకోవాలన్న పట్టుదల పెరిగింది. జోబ్ బృందం కాలిఫోర్నియాలో పిచర్ల భుజ కండరాల్లోకి సన్నని తీగలు దించి వాటి విద్యుత్ సంకేతాలు నమోదు చేసింది. 1983 నుంచి ఆ ఫలితాలు వరుసగా వెలువడ్డాయి. 1987లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ క్రీడావైద్య పరిశోధన సంస్థ ఒకటి స్థాపించాడు. అక్కడ గ్లెన్ ఫ్లైసిగ్ హైస్పీడ్ కెమెరాల ముందు పిచర్లను నిలబెట్టి ప్రతి కీలు మీది భారాన్ని లెక్కగట్టాడు. నైపుణ్యమున్న 26 మంది పిచర్ల మీద ఆయన బృందం 1995లో ప్రచురించిన పత్రం ఈ రంగానికి పునాది.

అందులోని ప్రధాన ఘట్టం కన్ను పట్టలేనంత చిన్నది. ముందు పాదం నేలకు ఆనింది, తుంటి తిరిగింది, ఛాతీ తిరగడం మొదలైంది. చెయ్యి మాత్రం ఇంకా వెనకే ఉంది. వంగిన మోచేయి ముందుకు వస్తుంటే ముంజేయీ బంతీ జడత్వంతో వెనక్కి వాలిపోతాయి, దాదాపు నేలకు సమాంతరమయ్యేదాకా. భుజం అప్పుడు 165 డిగ్రీల దాకా బయటికి తిరిగి ఉంటుంది. ఆ అంచు నుంచి చెయ్యి ఒక్కసారిగా లోపలికి తిరుగుతుంది. ఆ తిరిగే వేగం సెకనుకు 7000 డిగ్రీల స్థాయిలో ఉంటుంది. మనిషి దేహం చేసే కదలికల్లో ఇంతకంటే వేగవంతమైనవి దాదాపు లేవు. దానికి ముందరి క్షణంలో మోచేతిని బయటికి విరిచెయ్యకుండా పట్టి ఉంచడానికి 64 న్యూటన్ మీటర్ల మెలి అవసరమవుతుంది. మృతదేహాల మోచేతుల మీద చేసిన పరీక్షల్లో ఆ లిగమెంట్ 32 న్యూటన్ మీటర్ల దగ్గర తెగుతుంది. అంతకుముందు జరిగిన మరో పరిశీలన ప్రకారం ఆ భారంలో సగానికి పైగా మోసేది ఈ లిగమెంటే. కండరాలు మిగతాది పంచుకుంటాయి. అంటే పిచర్ విసిరే ప్రతి బలమైన బంతీ ఆ చిన్న పట్టీని తెగే హద్దు దగ్గరికి తీసుకెళ్లి వెనక్కి తెస్తున్నది.

బ్యాటింగ్ మీద ఇంత శ్రద్ధ ఆలస్యంగా వచ్చింది. 1993లో జోబ్, ఆయన సహచరులు అవే తీగలను బ్యాటర్ల కండరాల్లోకి దించారు. కండరాల పని తుంటి దగ్గర మొదలై, నడుము మీదుగా సాగి, చేతుల్లో ముగిసింది. విలియమ్స్ ఇరవై మూడేళ్ల ముందు చెప్పిన వరుస అదే. 1995లో వెల్చ్, ఆయన తోటి పరిశోధకులు ఏడుగురు ప్రొఫెషనల్ బ్యాటర్లను కొలిచారు. ముందు పాదం నేలను తాకాక దాని మీద పడిన బలం శరీర బరువులో 123 శాతం. తుంటి గరిష్ఠ వేగం సెకనుకు 714 డిగ్రీలు, తరవాత భుజాల వరుస 937 డిగ్రీలు, చివరికి బ్యాట్ వేగం సెకనుకు 31 మీటర్లు.

ఈ అంకెలు విలియమ్స్, లా వర్గాల తగవును తీర్చగలిగినవి. బరువు ముందుకు సాగడమూ ఉంది, తిరగడమూ ఉంది. ముందుకు సాగే దేహాన్ని ముందు కాలు అడ్డుకోవడం వల్లే ఆ చలనం తిరుగుడుగా మారుతున్నది. పిచర్‌లోనూ జరిగేది ఇదే, దిబ్బ దిగి పడే ముందు కాలి మీద భారం శరీర బరువుకు ఒకటిన్నర రెట్ల దాకా ఉంటుంది. ఇద్దరిలోనూ తుంటి తిరిగిపోయాక కూడా భుజాలు ఒక క్షణం వెనకే ఉండిపోతాయి. తడిబట్ట పిండేటప్పుడు ఒక కొస తిప్పి రెండో కొస పట్టి ఉంచినట్టు, నడుము పక్కల కండరాలు సాగి బిగుస్తాయి. అక్కడిదాకా విసురూ ఊపూ తోబుట్టువులు.

భుజం దగ్గర చీలిక మొదలవుతుంది. విసిరే చెయ్యి తెరిచిన గొలుసు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. అంత తేలిక కాబట్టే ముంజేయి ఆఖరిదాకా వెనకబడి ఉండి ఒక్కసారిగా తిరగగలుగుతుంది. బ్యాట్ బరువు 900 గ్రాముల చుట్టూ ఉంటుంది. దాన్ని పట్టిన రెండు చేతులు, రెండు భుజాలు, ఛాతీ కలిసి మూసిన గొలుసు అవుతాయి. ముందు చెయ్యి ఛాతీకి అడ్డంగా చాచి లాగుతుంది, వెనక మోచేయి పక్కటెముకలకు దగ్గరగా దిగుతుంది. ఏ ఒక్క భుజమూ పిచర్ భుజంలా వెనక్కి విరుచుకునే వీలు లేదు. వేగాన్ని ఆఖరున పెంచే పని ఇక్కడ భుజం తిరుగుడు నుంచి మణికట్ల దగ్గర బ్యాట్ తెరుచుకోవడానికి మారుతుంది. చేతులు ఛాతీ చుట్టూ వంపుగా సాగి నెమ్మదిస్తుంటే బ్యాట్ కొస వాటిని దాటి ముందుకు దూసుకుపోతుంది. విసురులో ముంజేయి చేసే పనిని ఊపులో కర్ర చేస్తుంది. కర్రకు లిగమెంట్ లేదు.

విసురు సామర్థ్యం మనిషికి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు 2013లో నీల్ రోచ్, డేనియల్ లీబర్‌మన్ బృందం ‘నేచర్’ పత్రికలో జవాబిచ్చింది. ఎక్కువగా బేస్‌బాల్ ఆటగాళ్లయిన కళాశాల క్రీడాకారుల కదలికలు కొలిచి, భుజం చుట్టూ ఉన్న టెండన్లు, లిగమెంట్లు సాగి శక్తిని దాచుకుని ఒక్కసారిగా విడుదల చేస్తాయని చూపించారు. అందుకు అవసరమైన శరీర నిర్మాణమంతా ఒక్కచోట కనిపించేది సుమారు 20 లక్షల ఏళ్ల కిందటి హోమో ఎరెక్టస్‌లో అని వాదించారు. బలశాలి చింపాంజీ విసిరేది గంటకు 30 కిలోమీటర్ల వేగంతోనే. 2008లో మన దేశంలో ముగిసిన ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీలో పైకొచ్చి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం పొందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్ జావెలిన్ క్రీడాకారులు, అంతకుముందు బేస్‌బాల్ ఆడినవాళ్లు కారు. ఈటె విసిరిన చెయ్యి బంతి విసరడం త్వరగా నేర్చుకోగలదని ఆ పోటీ నడిపినవాళ్లు పెట్టుకున్న ఆశ ఈ పరిణామ చరిత్రకు అనుగుణమైనదే. ఊపుకు అలాంటి ప్రాచీన వారసత్వాన్ని ఇంతవరకూ ఎవరూ రుజువు చెయ్యలేదు.

చీలికను ప్రయోగశాల బయట లోకమంతా చూసేలా చేసినవాడు షోహెయ్ ఒహ్తాని. కుడిచేత్తో విసురుతాడు, ఎడమవైపు నిలిచి బ్యాటింగ్ చేస్తాడు. కాబట్టి విసిరే కుడి మోచేయే బ్యాటింగ్‌లో ముందు మోచేయి. 2018 సెప్టెంబర్ 5న ఆ మోచేతి లిగమెంట్‌కు కొత్త గాయమైందనీ శస్త్రచికిత్స అవసరమనీ లాస్ ఏంజిలిస్ ఏంజెల్స్ ప్రకటించింది. అదే రోజు టెక్సస్ మీద అతను రెండు హోమ్ రన్లు కొట్టాడు. అక్టోబర్ 1న శస్త్రచికిత్స జరిగింది. 2019 మే 7న బ్యాట్ పట్టుకుని తిరిగి వచ్చాడు. బంతి విసరడానికి మాత్రం 2020 జూలై దాకా ఆగాల్సి వచ్చింది. 2023లో అదే మోచేయి మళ్లీ గాయపడి రెండోసారి శస్త్రచికిత్స అయింది. 2024లో డాడ్జర్స్ తరఫున ఒక్క బంతీ విసరకుండా 54 హోమ్ రన్లు కొట్టి, 59 బేస్‌లు దొంగిలించాడు. 2025 జూన్‌లో మళ్లీ విసిరాడు. ఆ అక్టోబర్ 17న ఒకే ఆటలో పది మందిని స్ట్రైకవుట్ చేసి మూడు హోమ్ రన్లు కొట్టాడు.

విసరలేని మోచేయి ఎలా కొట్టగలిగింది? ముందు చెయ్యి ఊపులో దాదాపు చాచి ఉంటుంది. దాని మీద పడేది చేతి పొడవునా లాగే బలం. విసురులోలా వంగిన మోచేతిని పక్కకు విరిచే బలం కాదు. పైగా భారాన్ని పంచుకోవడానికి రెండో చెయ్యి ఉంది.

గాయాలను దేహం మీద గుర్తులు పెట్టి చూస్తే ఇదే పటం తయారవుతుంది. నడుము పక్కల కండరాలు చిరగడం పిచర్లకూ ఉంది, బ్యాటర్లకూ ఉంది. ఇద్దరిలోనూ ఎక్కువగా దెబ్బతినేది ముందువైపు పక్కే. మోచేతి లిగమెంట్ తెగడం విసురుది. అరచేతిలో మణికట్టు దగ్గర ఉండే హేమేట్ అనే చిన్న ఎముక కొక్కెం విరగడం ఊపుది, బ్యాట్ పిడి చివరి గుండు కింది చేతిలో గుచ్చుకోవడం వల్ల. దారి కలిసున్న చోట గాయమూ ఒకటే. విడిపోయాక గాయాలూ వేరు.

కొలతల్లో ఎచ్చుతగ్గులు ఇటీవలి దాకా కొనసాగాయి. పిచర్ విసిరిన ప్రతి బంతి దారినీ కెమెరాలు 2006 పోస్ట్ సీజన్ నుంచి నమోదు చెయ్యడం మొదలుపెట్టి, రెండేళ్లలో మేజర్ లీగ్ మైదానాలన్నిటికీ విస్తరించాయి. ప్రతి ఊపులో బ్యాట్ వేగం ఎంతో లీగ్ బహిరంగంగా చెప్పడం 2024లో కానీ మొదలుకాలేదు. సగటు గంటకు 115 కిలోమీటర్ల పైచిలుకు. మరుసటి ఏడు, బంతిని చేరే క్షణంలో బ్యాట్ ఏ కోణంలో సాగుతున్నదో కూడా చెప్పడం మొదలుపెట్టారు. లీగ్ సగటు సుమారు 10 డిగ్రీలు, పైకి. టెడ్ విలియమ్స్ 1970లో తన చేతుల జ్ఞాపకం నుంచి సమర్థించిన ఆ స్వల్పమైన ఎగువ వాలు ఇప్పుడు ప్రతి ఊపు పక్కనా అంకెగా కనిపిస్తున్నది.